రెండు జెడ్‌లు, ఇద్దరు మెకానిక్‌లు



మా దగ్గరికి రకరకాల పంచాయితీలు వస్తుంటాయి. జీతం ఆలస్యమైందని ఒకరు, మెస్సులో సాంబారు నీళ్లలా ఉందని మరొకరు, పై మంచం వాడు రాత్రంతా ఫోన్లో మాట్లాడుతున్నాడని ఇంకొకరు. ఈ వారం వచ్చింది మాత్రం కార్ల పంచాయితీ. వాదీ కబీర్‌లో ఒక గ్యారేజీలో పనిచేసే మనవాళ్లిద్దరు ఒకే గదిలో ఉంటారు. పది రోజులుగా మాటల్లేవు. వంట కూడా వేరైపోయింది. "రెండు కార్లలో ఏది గొప్పదో మీరొచ్చి తేల్చండి, లేకపోతే మా గదిలో రెండు పొయ్యిలు వెలుగుతాయి" అని మూడో మంచం మిత్రుడు ఫోన్ చేశాడు.

మాకు కార్ల గురించి తెలిసింది తక్కువే. అయినా పిలిచాక వెళ్లకపోతే బాగుండదు కదా! గురువారం సాయంత్రం మత్రా కార్నిష్ మీద ఒక టీ తాగి, రువీ మీదుగా వాదీ కబీర్ వెళ్లాం. వాదీ కబీర్ కూడా మత్రా విలాయత్‌లోదే. అక్కడి సందుల్లో ఏ షెడ్డు ముందు నిలబడ్డా బానెట్ కింద ఒక మలయాళీ, ఒక బంగ్లాదేశీ, ఒక పాకిస్తానీ, వాళ్ల మధ్యలో తప్పకుండా మనవాడొకడు కనిపిస్తాడు.

మన కథలో పెద్దాయనది జగిత్యాల వైపు. గల్ఫ్‌కి వచ్చి ఇరవై రెండేళ్లు. ఊళ్లో అంబాసిడర్లు, జీపులు విప్పి పని నేర్చుకున్నాడు. చిన్నవాడిది రాజంపేట వైపు. ఐటీఐ చదివి వచ్చాడు, ఇక్కడ మూడేళ్లు. పెద్దాయన చేతిలో పానా, చిన్నవాడి చేతిలో స్కానర్.

షెడ్డులో ఒక పక్క నారింజ రంగు డాట్సన్ 240జెడ్, 1971 మోడల్. ఒక ఒమనీ పెద్దమనిషిది. రెండో పక్క పసుపు రంగు కొత్త నిస్సాన్ జెడ్. అది ఒక కుర్రాడిది. తాతా మనవళ్లలా ఒకే ముఖం. పొడుగాటి ముక్కు, వెనక్కి వాలిన కప్పు, రెండే సీట్లు. కొత్తదాన్ని పాతదాని పోలికలతోనే చేశారు మరి.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ముందు పాతది. 1969 అక్టోబరులో జపాన్‌లో 'ఫెయిర్‌లేడీ జెడ్' పేరుతో నిస్సాన్ దీన్ని బయటపెట్టింది. అమెరికాలో కంపెనీ వ్యాపారం చూస్తున్న యుతాకా కటయామా, ఆ పేరుతో అక్కడ అమ్మలేమని పట్టుబట్టి '240జెడ్' అని పెట్టించాడు. 240 అంటే 2.4 లీటర్ల ఇంజిను. వరుసగా ఆరు సిలిండర్లు, 2393 సీసీ, రెండు కార్బొరేటర్లు, 151 హార్స్‌పవర్. బండి బరువు సుమారు 1050 కిలోలు. గరిష్ఠ వేగం గంటకు 200 కిలోమీటర్ల దాకా. అమెరికాలో అప్పటి ధర 3,526 డాలర్లు. జాగ్వార్, పోర్షే కొనలేని మామూలు ఉద్యోగులు కూడా స్పోర్ట్స్ కారు ఎక్కగలిగింది దీని వల్లే.

ఇక కొత్తది. 2021 ఆగస్టులో న్యూయార్క్‌లో చూపించారు. మూడు లీటర్ల వి-6 ఇంజిను, రెండు టర్బోలు, 400 హార్స్‌పవర్. బరువు సుమారు 1600 కిలోలు. నిలబడిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఐదు సెకన్లు చాలు. పాతదానికి ఎనిమిది సెకన్లకు పైనే పట్టేది.

టన్ను బరువుకి ఎన్ని గుర్రాలు అని లెక్కేస్తే పాతదానికి 145 దాకా, కొత్తదానికి 250. అందులోనూ ఒక మెలిక ఉందని పెద్దాయనే చెప్పాడు. అప్పట్లో అమెరికా లెక్కలో ఇంజిన్ని విడిగా బల్ల మీద పెట్టి, ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ బరువు పడకుండా శక్తి కొలిచేవారు. ఇప్పటి పద్ధతిలో కొలిస్తే ఆ 151 ఇంకా తగ్గుతుంది. తనకి నచ్చిన బండి గురించి కూడా ఉన్నమాట చెప్పాడు. అది మాకు నచ్చింది.

బ్రేకుల సంగతి చూద్దాం. పాతదానికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, స్టీరింగ్‌కి పవర్ లేదు. కొత్తదానికి నాలుగు చక్రాలకీ డిస్కులు, ఏబీఎస్, బండి పక్కకి జారితే సరిచేసే కంప్యూటర్, ముందు అడ్డం వస్తే తనే బ్రేకు వేసే ఏర్పాటు. ఈ లెక్కన కొత్తదే గెలిచింది కదా? చిన్నవాడు కాలర్ ఎగరేశాడు.

"ఆగు తమ్మీ, ఇంక అయిపోలే" అన్నాడు పెద్దాయన. పది రోజుల్లో ఆయన ఆ పిల్లవాడితో అన్న మొదటి మాట అదేనట.

రోడ్డు లేని రోజుల బండి

పాత జెడ్ విలువ తెలియాలంటే అది పుట్టిన కాలం చూడాలి. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ పాలనకి వచ్చేనాటికి ఒమన్ దేశం మొత్తం మీద తారురోడ్డు పది కిలోమీటర్లే. రాత్రయితే మస్కట్ కోట తలుపులు మూసేసేవారు. ఇవాళ మనం బస్సులో కునికిపాట్లు పడుతూ దాటిపోయే రోడ్లన్నీ ఆ తర్వాత వేసినవే. వేసిన చేతుల్లో మనవాళ్ల చేతులూ ఉన్నాయి.

రోడ్డు లేని చోట ఆ కారు ఏం చేసిందో ఆఫ్రికాలో చూపించింది. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ అంటే వేల కిలోమీటర్ల బురద, దుమ్ము, రాళ్లు. 1971లో ఆ ర్యాలీని 240జెడ్ గెలిచింది. 1973లో మళ్లీ గెలిచింది. రెండోసారి స్టీరింగ్ పట్టినవాడు శేఖర్ మెహతా. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా! భారత సంతతి కుటుంబం, 1945లో ఉగాండాలో పుట్టాడు. 1972లో ఈదీ అమీన్ ఆసియా వాళ్లందరినీ మూడు నెలల్లో దేశం వదిలిపొమ్మన్నాడు. ఇళ్లు, దుకాణాలు, తోటలు వదిలేసి వేలమంది కట్టుబట్టలతో వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాదే మెహతా ఈ కారుతో సఫారీ గెలిచాడు. తర్వాత 1979 నుంచి 1982 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచి, మొత్తం ఐదుసార్లు విజేత అయ్యాడు.

ఈ సంగతి చెబుతుంటే చిన్నవాడు స్కానర్ పక్కన పెట్టి విన్నాడు. "ఆయప్ప మన ఇండియా మనిషేనా అన్నా?" అని అడిగాడు. "మన లెక్కనే పరాయి దేశంల బతికినోడు" అన్నాడు పెద్దాయన.

ఆ ర్యాలీల్లో బండి చెడితే దారి పక్కనే బాగుచేసుకోవాలి. అక్కడ బండి నిలబెట్టేది గట్టితనం, చేతికి అందే యంత్రం. పాత జెడ్ బానెట్ ఎత్తితే ఇంజిను మొత్తం కనిపిస్తుంది. సిలిండర్లు పేలే వరుస 1-5-3-6-2-4. టాపెట్ సందు వేడి మీద 0.25, 0.30 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ పెట్టి చూసుకోవచ్చు. రెండు కార్బొరేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం ముక్క ఒకటి చెవిలో పెట్టుకుని వినవచ్చు. పెద్దాయన మాకు కూడా వినిపించాడు. మాకు రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయనకి మాత్రం వెనకది కాస్త ఎక్కువ పీలుస్తోందట!

ఇప్పుడు ఆ పాత కారు ఖరీదు తెలుసా? 2020 జనవరిలో అమెరికాలో జరిగిన వేలంలో ఒక 240జెడ్ 3,10,000 డాలర్లకు పోయింది. అన్నీ అంత పలకవు. చాలా బండ్లు తుప్పుకి పోయాయి. ఈ మోడల్‌కి తుప్పు పెద్ద శత్రువు. అందులోనూ మత్రా ఉప్పుగాలి. బ్యాటరీ కింద రేకు, కాళ్ల కింద ఫ్లోరు ముందుగా తినేస్తుంది. కాబట్టి డెంటింగ్, వెల్డింగ్ తెలిసిన మన సోదరులకి ఇలాంటి బండ్ల మీద పని ఉంటుంది.

అసలు గొడవ ఎక్కడ?

ఇంతసేపూ కార్ల గురించి మాట్లాడుకున్నాం. గొడవ అసలెలా మొదలైందని మూడో మంచం మిత్రుణ్ణి పక్కకి పిలిచి అడిగితే అప్పుడు బయటపడింది.

పసుపు కారు ఇంజిన్ లైటు వెలిగి షెడ్డుకి వచ్చింది. చిన్నవాడు స్కానర్ పెట్టాడు. పి-0171 అని కోడు వచ్చింది. అంటే ఒక వైపు సిలిండర్లలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. గాలి కొలిచే సెన్సర్ పోయిందనుకుని కొత్తది వేశాడు. రెండు రోజులకి లైటు మళ్లీ వెలిగింది. బండి మళ్లీ వచ్చింది. అర్బాబు అందరి ముందూ తిట్టాడు. తీరా చూస్తే సెన్సర్‌కీ టర్బోకీ మధ్య ఉన్న గొట్టం క్లిప్పు వదులైంది. లెక్కలోకి రాని గాలి అక్కడి నుంచి లోపలికి పోతోంది. ఆ సన్నటి ఈల పెద్దాయన చెవికి మొదటిరోజే వినిపించింది. కానీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఆ ముందురోజే అర్బాబు ఆయన్ని పిలిచి అన్నాడట: "రెండు నెలల్లో నీ కాంట్రాక్టు అయిపోతుంది. స్కానర్ రాకపోతే కొత్త కాంట్రాక్టు రాయను." ఆ కోపం ఎవరి మీద చూపించాలి? స్కానర్ పట్టుకున్నవాడి మీద చూపించాడు.

మరి చిన్నవాడు తక్కువ తిన్నాడా? పాత జెడ్ మధ్యాహ్నం ఎండలో రువీ దాకా వెళ్లి ఆగిపోతోంది. చల్లారాక మళ్లీ స్టార్టవుతోంది. పెద్దాయన మూడు రోజులు కార్బొరేటర్ విప్పి, బిగించి, విప్పి చూశాడు. ఈ బండిలో కార్బొరేటర్లు, వేడి పొగ పోయే మానిఫోల్డు ఇంజినుకి ఒకే పక్కన ఉంటాయి. ఆ వేడికి గొట్టంలోనే పెట్రోలు మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి అడ్డుపడితే పెట్రోలు రాదు. చిన్నవాడు వేడి కొలిచే గన్నుతో గొట్టం పొడుగునా కొలిచి, ఏ చోట కాలుతోందో కనిపెట్టాడు. అక్కడ వేడి తగలకుండా రేకు అడ్డం పెడితే చాలు. తనూ చెప్పలేదు. "నాకేం తెలుసు, నేను డబ్బా మెకానిక్‌ని కదా!" అన్నాడట.

చూశారా! పసుపు బండి మందు పెద్దాయన దగ్గర, నారింజ బండి మందు చిన్నవాడి దగ్గర. ఇద్దరూ నోరు కట్టేసుకున్నారు. నష్టపోయింది ఎవరు? కస్టమరు రెండుసార్లు తిరిగాడు, అర్బాబుకి సెన్సర్ ఖర్చు, మనవాళ్ల పేరు పోయింది.

మా తీర్పు

తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాం. ఈ రోజు రోడ్డు మీద భద్రంగా ఇల్లు చేరడానికి కొత్త జెడ్డే మేలు. దాని బ్రేకులు, దాని బుర్ర పాతదానికి లేవు. పని నేర్పే గురువుగా మాత్రం పాత జెడ్డే మేలు. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ ఎలా కలుస్తాయో అది కళ్లకి చూపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. కొత్తదాంట్లోనూ కలిసేవి ఆ మూడే. మధ్యలో కంప్యూటర్ వచ్చి కూర్చుంది, అంతే.

స్కానర్ రోగం పేరు చెప్పదు. రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో చెబుతుంది. నాడి పట్టాల్సింది మెకానిక్కే. నాడి పట్టడం వచ్చిన పెద్దవాళ్లు నొప్పి ఎక్కడో చెప్పే యంత్రాన్ని కాదనుకుంటే నష్టం వాళ్లకే. యంత్రం చెప్పిందే వేదమని చిన్నవాళ్లు పార్టులు మార్చుకుంటూ పోతే, ఆ పని రేపు ఇంకో కుర్రాడు ఇంకా తక్కువ జీతానికి చేస్తాడు.

పెద్దాయన్ని మేము సూటిగా అడిగాం. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ చిన్న డబ్బా ఎందుకు నేర్చుకోలేదని. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంత ఇంగ్లీషుల ఉంటది సార్. నాకు తెలుగు సదువుడే కష్టం. పిలగాండ్ల ముందట అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్నా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. మన క్యాంపుల్లో ఈ మాట లోపల దాచుకుని తిరుగుతున్నవాళ్లు ఎంతమంది లేరు?

చిన్నవాడు కూడా ఆ మాట మొదటిసారి విన్నాడు. కాసేపు నేల చూస్తూ నిలబడి, "అట్లని ముందే చెప్పింటే తెలుగులో రాసిచ్చేవాణ్ని గదన్నా" అన్నాడు.

కత్తిరించి దాచుకోండి

ఆ రాత్రి క్యాంపులో నోటు పుస్తకం తీసి ఇద్దరూ కూర్చున్నారు. అందులో కొంత మన పాఠకుల కోసం ఇక్కడ ఇస్తున్నాం. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఈ ఒకే రకం కోడు పద్ధతి తప్పనిసరి అయింది. ఇప్పుడు గల్ఫ్‌లో తిరిగే కార్లలోనూ ఇదే కనిపిస్తుంది.

మొదటి అక్షరం పి అయితే ఇంజిను, గేరుబాక్సు. బి అయితే బాడీ. సి అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. యు అయితే కంప్యూటర్ల మధ్య మాట కలవడం లేదని.

రెండోది సున్నా అయితే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం. ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడు. దాని అర్థం ఆ కంపెనీ పుస్తకంలోనే చూడాలి.

మూడో అంకె ముఖ్యం. 1, 2 అయితే గాలి, పెట్రోలు. 3 అయితే నిప్పురవ్వ. 4 అయితే పొగ శుద్ధి చేసే భాగాలు. 7 అయితే గేరుబాక్సు.

ఉదాహరణకి పి-0300 అంటే సిలిండర్లు సరిగా పేలడం లేదు, ఏ ఒక్కటో చెప్పలేం. పి-0301 అంటే ఒకటో సిలిండరు. పి-0128 వస్తే ముందు థర్మోస్టాట్ చూడండి. పి-0420 అంటే సైలెన్సర్ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పని సరిగా లేదని. అది ఖరీదైన పార్టు. మార్చేముందు లీకులు, సెన్సర్లు చూసుకోవాలి.

ఇంత తెలిస్తే సగం ఇంగ్లీషు వచ్చినట్టే!

రెండు హెచ్చరికలు

మొదటిది చిన్నవాళ్లకి. కస్టమర్ బండి తాళం చేతికొచ్చింది కదా అని సందు చివరిదాకా ఒక రౌండు వేసొద్దామని అనిపిస్తుంది. 400 హార్స్‌పవర్ అంటే ఆట కాదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే గుద్దుకునే దెబ్బ నాలుగింతలు అవుతుంది. ఒమన్ లైసెన్సు లేకుండా ఎవరి బండీ రోడ్డెక్కించకండి. అర్బాబు చెప్పినా సరే, "లైసెన్సు లేదు సార్" అని చెప్పండి. ప్రమాదం జరిగితే ముల్కియాలో ఉన్న పేరు ఆయనది, స్టీరింగ్ మీద ఉన్న చేయి మీది.

రెండోది పెద్దవాళ్లకి. కాంట్రాక్టు అయిపోతోందంటే బతుకు అయిపోయినట్టు కాదు. 2021 జనవరి 1 నుంచి ఒమన్‌లో కాంట్రాక్టు పూర్తయినవాళ్లు పాత యజమాని ఎన్‌వోసీ లేకుండానే కొత్త యజమాని దగ్గర చేరే వీలు వచ్చింది. కాంట్రాక్టు ముగిసినట్టు కాగితం ఉండాలి, మిగతా షరతులు సరిపోవాలి. అందుకని మీ కాంట్రాక్టు కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. పని వచ్చిన చేతికి ఇంకో షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. రెండు రకాల పనీ వస్తే ఇంకా త్వరగా తెరుచుకుంటుంది.

పెద్దాయన కాంట్రాక్టు ఏమవుతుందో ఈ రోజుకి మాకూ తెలియదు. ఇంకా రెండు నెలలుంది. ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తే మూడో మంచం మిత్రుడే ఎత్తాడు. నారింజ కారుకి రేకు అడ్డం పెట్టారట. మిట్ట మధ్యాహ్నం ఓనరు మత్రా కార్నిష్ చివరిదాకా తోలుకెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడట. పసుపు కారు లైటు మళ్లీ వెలగలేదట.

"మరి వంట?" అని అడిగాం.

"ఒకటే పొయ్యి సార్. కానీ ఇప్పుడు కూరలో కారం ఎంతెయ్యాలని కొట్లాడుకుంటున్నారు. జగిత్యాలదా, రాజంపేటదా అని."

ఆ తీర్పు మాత్రం మేము చెప్పలేం. ఆ రెండు కారాలూ తిని బతికి బట్టకట్టినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.